నెల వేరు, ఏడాది వేరు

మా ఇంటి పైవాటాలో అద్దెకుండే అమ్మాయిని వీధి వీధంతా తేదీలమ్మ అని పిలుస్తుంది. ఎవరు ఏ రోజున పుట్టారో, ఎవరికి ఎప్పుడు పెళ్లయిందో ఆమెకు కంఠతా వచ్చు. ఆ పేరు పెట్టినవాడు ఆమె తమ్ముడే. లేత్ మిషను మీద పని చేసేవాడు. నోరు ఊరుకోని మనిషి. తల్లితో కలిపి ముగ్గురే ఆ రెండు గదుల్లో ఉండేవారు.

ఆమె పెద్దాసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఉద్యోగి. చేసే పనేమిటని ఒకనాడు అడిగాను.

"కంప్యూటరును ప్రశ్నలడగడమే మాస్టారూ. క్వెరీ అంటాం. తేదీలోంచి నెల ఒక్కటే కావాలంటే నెలే ఊడదీసి ఇస్తుంది. ఏడాది కావాలంటే ఏడాదే ఇస్తుంది."

నాకు ముచ్చటేసింది. సమాసాలను విడదీయించి విగ్రహవాక్యాలు చెప్పించడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. విడదీయడం ఎవరైనా చేస్తారు. విడిన పదాల నడుమ విభక్తిని నిలబెట్టడంలోనే ఉంది విద్య అంతా. తత్పురుషాన్ని విడదీయమంటే ద్వంద్వం చేసి కూర్చున్న పిల్లలు ఎందరో! ఈ చాదస్తం ఇంతటితో ఆపుతాను. చెప్పవలసింది ఆమె కథ.

తమ్ముడి గుండె తరచూ లయ తప్పుతూంటే, నిరుడు ఫిబ్రవరిలో అదే ఆసుపత్రిలో పేస్‌మేకర్ అమర్చారు. "జేబు లోపలి వైపు కుట్టించుకున్నాను మాస్టారూ, ఇక దొంగల భయం లేదు" అని రొమ్ము తట్టుకొని నవ్వేవాడు.

ఈ ఏడు వానలు మొదలైన రోజుల్లో, ఆ పరికరాలు తయారుచేసినవారి నుంచి ఆసుపత్రికి హెచ్చరిక వచ్చింది. రెండేళ్ల కిందటి జూన్ మొదలుకొని అమర్చిన వాటిలో బ్యాటరీ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అందరినీ పిలిపించి మార్చాలి. ఎవరెవరిని పిలవాలో తేల్చే పని తేదీలమ్మకు అప్పగించారు. ఆమె తేదీలను విడదీసి రెండు షరతులు పెట్టింది. ఏడాది రెండేళ్ల కిందటిదో, తరువాతిదో కావాలి. నెల జూన్ గానీ, ఆపైది గానీ కావాలి. రెండూ నెగ్గినవారి పేర్లు తెర మీద బారులు తీరాయి. నిరుటి ఫిబ్రవరి ఏడాది పరీక్ష నెగ్గి, నెల పరీక్ష తప్పింది.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. వచ్చిన పేర్లలో కొన్నింటిని మరొక గుమాస్తా ఏరి, ఫైళ్లతో సరిచూసి సంతకం చేస్తాడు. అన్నీ సరిపోయాయి. సరిపోకేం? అందులో ఉన్నవారందరూ ఉండవలసినవారే. లేనివారిని వెదకడం ఆ ఆనవాయితీలో లేదు.

నాలుగు రోజులు పోయాక, అక్కాతమ్ముళ్లు మెట్ల మీద మాట్లాడుకుంటున్నారు. నేను కింద వరండాలో కూర్చుని ఉన్నాను.

"అక్కా, మా షాపు పక్క టీకొట్టాయనకు పేస్‌మేకర్ మార్చుకోమని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందట. నాకు రాలేదేంటే?"

"నీది అందులో లేదురా. ఉంటే, తీసినదాన్ని నాకు కనబడదా?"

"పొద్దున మిషను దగ్గర కళ్లు తిరిగాయి."

"ఏమీ తినకుండా పరిగెడితే తిరగవూ?"

"ఏమోనే. నీ కంప్యూటరుకు కూడా నేనంటే లోకువే!"

లోపలినుంచి తల్లి కేకేసింది. "ఓసారి చూపించరాదుటే?"

"పిలిచినవాళ్లకే అక్కడ చోటు చాలట్లేదమ్మా. వీణ్ణి ఊరికే నిలబెట్టడం దేనికి?"

"సరేలే, నీకు తెలియంది ఏముంది" అంది తల్లి.

ఆ వారం తిరగకుండానే అతడు లేత్ ముందు కుప్పకూలాడు. తోటివారు మిషను కట్టేసి, భుజాల మీద మోసుకెళ్లేసరికే అంతా అయిపోయింది. బ్యాటరీ ఆగిపోయిందని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. పరికరం హెచ్చరికలో చెప్పిన రకమేనన్నాడు.

ఆమె ఏడవలేదు. తిన్నగా తన విభాగానికి వెళ్లి, కుర్చీలోనైనా కూర్చోకుండా ఆ ప్రశ్నను తెరిచి చూసింది. విడివిడిగా అడిగిన నెలనూ ఏడాదినీ తీసేసి, తేదీని తేదీగానే అడిగింది. ఆ తరువాతి ఏళ్లలో జనవరి నుంచి మే దాకా అమర్చుకుని జాబితాలోంచి జారిపోయినవారంతా బయటపడ్డారు. తమ్ముడి పేరు వారి నడుమ ఉంది.

ఆ పేర్లు తీసుకెళ్లి చూపిస్తే, పై అధికారి తన గది తలుపు దగ్గరగా వేశాడు. "ఇప్పుడు బయటపెడితే అందరి మెడకూ చుట్టుకుంటుందమ్మా. కాస్త సద్దుమణిగాక మెల్లగా పిలుద్దాం."

"అప్పటికి వాళ్లే సద్దుమణుగుతారు సార్" అని, అతని బల్ల మీది ఫోనే అందుకుంది.

ఒక్కొక్కరినీ తానే పిలిచింది. చాలామంది మర్నాడే వచ్చారు. ఒక ఇంట్లో మాత్రం ఒక స్త్రీ ఫోన్ ఎత్తి, "ఆయన పోయారమ్మా. మీరెవరు?" అంది. ఈమె తానెవరో చెప్పింది; తప్పు ఎలా జరిగిందో కూడా చెప్పింది. అవతల ఫోన్ పెట్టేశారట.

సాయంత్రం తల్లికీ చెప్పింది. పరామర్శకు వెళ్లిన నేను అక్కడే ఉన్నాను. ముసలావిడ చివరిదాకా విన్నది.

"అంటే, ఏడాది మారితే నెల మళ్లీ మొదటికొస్తుందని నీకు తెలీదుటే?"

"తెలుసమ్మా."

"తెలిసీ..." అంది ఆవిడ.

ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. వేరే విభాగానికి మార్చారు. తల్లీకూతుళ్లు ఒక పొయ్యి మీదే వండుకుంటారు, ఒక గదిలోనే పడుకుంటారు. పోట్లాట లేదు. కాని ఆవిడకు రక్తపోటు మాత్రలు మార్చినప్పుడల్లా, డాక్టరు రాసిన చీటీ పట్టుకుని మోకాళ్ల నొప్పులతో నా దగ్గరికి మెట్లు దిగి వస్తుంది.

"ఏది పొద్దున, ఏది రాత్రి, కాస్త చదివి చెప్పండి మాస్టారూ."

నేను చదువుతూ ఉంటాను. కూతురు పైన తలుపు దగ్గర నిలబడి వింటుంది. మధ్యలో కల్పించుకోదు.