వెర్నెటా వదులుకున్న సీటు

వెర్నెటా ప్రూయిట్ కూతురికి చార్టర్ బడిలో సీటొస్తే కాలదన్నిందనీ, సిటీ పొలిమేర దాటి తెల్లవాళ్ళ మధ్య ఇల్లు కొని కాపురం పెట్టబోతోందనీ, బస్సు నడుపుకునే మనిషికి అంత మిడిసిపాటు పనికిరాదనీ వీధి వీధంతా చెప్పుకుంటోంది. ఈ మాట పుట్టింది జడలల్లే క్లాడిన్ కొట్లో. అక్కడ పొద్దున పుట్టిన మాటకి సాయంత్రానికల్లా కాళ్ళూ చేతులూ నెత్తిన టోపీ కూడా వస్తాయి. సీటు వదులుకున్న మాట నిజమే. కాని ఎందుకు వదులుకుందో క్లాడిన్ అడగలేదు, అడిగినా వినదు. ఆవిడ మనవడికి ఆ లాటరీలోనే పేరు రాలేదు మరి.

వెర్నెటా ఈ వీధి పిల్లే. భుజం భుజం రాసుకుని నిలబడ్డ ఈ ఇటుక ఇళ్ళల్లో మూడో దాంట్లో పుట్టింది, పెళ్ళయ్యాక ఎదురింటికి మారింది, అంతే ఆమె చేసిన ప్రయాణం. మిగతా ప్రయాణమంతా ఫిలడెల్ఫియా సిటీ బస్సులో, అదీ స్టీరింగు దగ్గర. సీటు మీద బూట్లు పెట్టిన వాణ్ణి అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే చాలు, వాడు బూట్లే కాదు, చెవిలో పాట కూడా తీసేస్తాడు. మొగుడు రోడెల్ ప్రెట్జెల్ అనే మెలికల రొట్టెలు కాల్చే బట్టీలో పని చేస్తాడు. మెత్తని మనిషి. వాళ్ళకి ఒక్కతే కూతురు, జోలెట్. ఉత్త వాగుడుకాయ. పక్కింటి పిల్లిని కూడా నిలబెట్టి ప్రశ్నలడుగుతుంది.

వీధి మూల మీద మామూలు బడి ఉంది. వెర్నెటా అక్కడే చదువుకుంది. ఇప్పుడక్కడ నీళ్ళలో సీసం ఉందని కుళాయిలకు నల్ల సంచులు కట్టారు. మాస్టారు రాని రోజున ఆ క్లాసు పిల్లల్ని పక్క క్లాసులో కుక్కుతారు. వాళ్ళ గోల వీధి చివరిదాకా వినిపిస్తుంది. అందుకే ఈ వీధిలో అందరిదీ ఒకటే లెక్క: చప్పుడు లేని బడే మంచి బడి. పొయ్యి మీద అన్నం మాడినా చప్పుడు కాదు కదా అని ఎవరికీ తోచలేదు. వెర్నెటాకీ తోచలేదు.

చార్టర్ బడంటే సొమ్ము సర్కారుది, పెత్తనం ప్రైవేటు వాళ్ళది. ఫీజు లేదు గాని సీటు మాత్రం లాటరీలో రావాలి. జోలెట్ పేరు వచ్చిన రోజున ఎదురింటి మిస్ ఎర్లీన్ చేపలు వేయించి వీధంతా పంచింది. వెర్నెటా బడి చూడబోయి, మెరిసిపోతున్న ఆ వసారాలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. పిల్లలు వరసగా నడిచి వెళ్తున్నారు. ఆమెకి వాళ్ళ వీపులే కనిపించాయి.

ఆగస్టులో బడి తెరవకముందే కొత్త పిల్లలకి అలవాట్లు నేర్పుతామని పిలిచారు. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం అన్నాల దగ్గర రోడెల్ అడిగాడు.

"ఏమ్మా, ఇవాళ ఏం చెప్పారు?"

జోలెట్ చేతులు వెనక్కి కట్టుకుంది. బుగ్గల నిండా గాలి పట్టి, కప్పలా ఉబ్బించి, తండ్రి వైపు చూస్తూ కూచుంది.

"అదేం ఆటే?" అన్నాడు నవ్వుతూ.

పిల్ల నవ్వలేదు. వెర్నెటా బల్ల మీద చరిచాక ఫస్సుమని గాలి వదిలింది. "ఆట కాదు నాన్నా. పెద్దవాళ్ళు చెయ్యెత్తమనేదాకా గాలి పట్టే ఉండాలి. నోట్లో గాలుంటే మాట రాదుగా. మరిచిపోయి చేసేశా."

వెర్నెటా కంచం పక్కకి నెట్టేసింది.

మర్నాడు సెలవు పెట్టి, చెప్పకుండా వెళ్ళింది. ఈసారి వసారాకి అవతలి చివర నిలబడింది. ఎదురుగా వస్తున్నారు పిల్లలు, బుగ్గలు పూరించుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, అందరూ మన నల్లవాళ్ళ పిల్లలే. ఒక చిన్నదానికి తుమ్మొచ్చింది. టీచరు దాని చొక్కాకున్న పచ్చ బిళ్ళ తీసి ఎర్ర బిళ్ళ తగిలించింది. ఆ పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంటూ మళ్ళీ గాలి పట్టింది. ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి చేతులు వెనకున్నాయి.

వెర్నెటా నేరుగా హెడ్మాస్టరు గదికి నడిచింది.

హెడ్మాస్టరు పెంబర్టన్ కుర్రాడు. తెల్లటి పళ్ళు, తెల్లటి చొక్కా. "చూశారా అమ్మా, ఎంత క్రమశిక్షణో! మీ పేటలో ఇలాంటిది ఎక్కడైనా ఉందా?" అన్నాడు.

"మీకు పిల్లలున్నారా బాబూ?"

"ఇద్దరండి. మేముండేది సిటీ బయట. అక్కడి బడికే వెళ్తారు."

"అక్కడా ఇలా బుగ్గలు పూరిస్తారా?"

అతను నవ్వేశాడు. అసలు సిగ్గు లేని నవ్వు. "అబ్బే, అక్కడ పిల్లలకి ఆ అవసరం లేదండి."

వెర్నెటా వెనుదిరిగింది. వసారాలోకి వెళ్ళి, వరసలోంచి జోలెట్ చెయ్యి పట్టుకు లాగి, బయట ఎండలోకి వచ్చాక మెట్ల పక్కన ఖాండ్రించి ఉమ్మింది. సీటు కాలదన్నిన వైనం ఇదీ.

ఇక పొలిమేర అవతలి సంగతి. ఇల్లు కొనడం శుద్ధ అబద్ధం. ఎవరింటి మీదో రెండు గదుల అద్దె వాటా, దాన్ని చూడబోయింది. అక్కడ కాపురముంటేనే అక్కడి బడిలో చేర్చుకుంటారు మరి. గేటు దగ్గర కుక్కను తిప్పుతున్న ఒకావిడ ఆగి, నవ్వు మొహంతో అడిగింది: "కొత్త ఆయావా? ఎవరింటికమ్మా?" ఆ నవ్వు చెప్పులో రాయిలా రోజంతా గుచ్చుకుంది. అక్కడి బడి ఆఫీసులో గుమస్తా జోలెట్‌ని పైనుంచి కిందికి చూసి, "బాస్కెట్‌బాల్ బాగా ఆడుతుందేమో?" అంది. "పుస్తకాలు చదువుతుంది" అంటే, "ఓ, మంచిదే" అని వేరే పనిలో పడింది.

కాని వేసవి తరగతులు నడుస్తున్న గదిలోకి వెళ్తే సంతలా ఉంది. పిల్లలంతా ఒక్కసారే మాట్లాడుతున్నారు. జోలెట్ తొట్టిలో చేపని చూసి, "ఇది నిద్రపోతే కళ్ళెలా మూస్తుంది?" అని అడిగింది. టీచరు, "మూయదు. ఎందుకంటావ్?" అని కుర్చీ లాక్కుని కూచుంది. ఇద్దరూ ఆ చేప దగ్గరే ఉండిపోయారు. వెర్నెటా గుమ్మంలో నిలబడి చూసింది. సంతోషం ఎక్కడిది? ఒళ్ళు మండింది. ఇంత చిన్న దానికి, పిల్ల అడిగితే జవాబు చెప్పే దానికి, ఊరు మారాలా?

ఇంటికొచ్చి చెబితే రోడెల్ మొదటిసారి గొంతు పెంచాడు. "నిన్ను పనిమనిషివా అన్న చోటికి నా పెళ్ళాన్ని తీసుకెళ్ళనా? నేను రాను."

"మరి దాన్ని ఎక్కడ వెయ్యమంటావ్? నల్ల సంచుల బడిలోనా, కప్పల బడిలోనా?"

రోడెల్ విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. బడులు తెరిచే రోజు దగ్గర పడుతోంది. మొగుడూ పెళ్ళాలు ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహంగా తిరిగారు. జోలెట్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, అడగాల్సిన ప్రశ్నలు పిల్లినే అడిగింది.

శనివారం పొద్దున వీధి కడిగే రోజు. మిస్ ఎర్లీన్ ఈ వీధికి పెద్ద. ఆవిడ చీపురు పట్టుకుని గుమ్మం దిగితే, నిద్ర మత్తులో ఉన్నవాళ్ళు కూడా బకెట్లతో బయటికి రావాల్సిందే. వెర్నెటా తన మెట్లు రుద్దుతోంది. క్లాడిన్ గొట్టంతో నీళ్ళు కొడుతూ, అందరికీ వినబడేలా అంది:

"బాగా రుద్దమ్మా, బాగా రుద్దు. అక్కడ గడ్డే గాని మెట్లుండవట. చేతులు అలవాటు తప్పుతాయి. అంత బంగారం లాంటి సీటు! మా వాడికొస్తే కళ్ళకద్దుకునేవాళ్ళం."

"అద్దుకో క్లాడిన్. ఖాళీగానే ఉంది, వెళ్ళి అడుగు," అంది వెర్నెటా తలెత్తకుండా. "ముందు మీవాడికి మూతి ఉబ్బించడం నేర్పు. నీ మనవడేగా, నోరు మూయించడానికి రెండు బుగ్గలు చాలవు."

వీధంతా పకాలుమంది. క్లాడిన్ గొట్టం నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకుంది.

మిస్ ఎర్లీన్ నవ్వలేదు. చీపురు గోడకానించి, వచ్చి వెర్నెటా కడిగిన తడి మెట్టు మీదే కూచుంది.

"ఆ కొట్లో మాటలు నాకొద్దు, ఈ కొట్లాట మాటలూ వద్దు. నిన్ను పొత్తిళ్ళ నాటి నుంచీ ఎరుగుదును. నా మొహం చూసి చెప్పవే పిల్లా. ఉంటున్నావా, పోతున్నావా?"

వెర్నెటా బ్రష్షు బకెట్‌లో పడేసింది. గుమ్మంలో రోడెల్ వచ్చి నిలబడ్డాడు, చెప్పమన్నట్టు తలూపాడు.

"పోతున్నాం, మిస్ ఎర్లీన్. ఇష్టమై కాదు. ఆ వీధి చూస్తేనే నాకు వెగటు. రోజూ ఎవరో ఒకరు ఎవరింట్లో పనికొచ్చావని అడుగుతారు, అడగనీండి, నేను పెద్దదాన్ని, దిగమింగుతాను. ఇక్కడ దిగమింగమంటున్నది నా కూతుర్ని. అదింకా పసిది, నేర్చేసుకుంటుంది."