పోయాడా, తప్పిపోయాడా

నా టేబుల్ సొరుగు లాగినప్పుడల్లా ఎండు నెత్తళ్ళ వాసన వస్తుంది. లోపల ఉన్నది చేపలు కావు, రబ్బరు అరిగిపోయిన ఒక పాత జాయ్‌స్టిక్. వీడియో గేముల్లోని ఇంగ్లీషు మాటల్ని తెలుగు చేయడం నా ఉద్యోగం. గేములో కథ గొప్పగా ఉండాలంటే ఏం కావాలని ఆఫీసులో కుర్రాళ్ళు వాదించుకుంటూ నన్నూ అడుగుతారు. నేను సొరుగు మూసేసి టీకి వెళ్ళిపోతాను. నిజంగానే నాకు తెలియదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. ఎండాకాలంలో వేట ఆపేసిన రోజుల్లో పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కేవి, మగవాళ్ళు తాటాకు పందిళ్ళ కింద వలలు బాగుచేసుకుంటూ కబుర్లాడుకునేవాళ్ళు, పిల్లలం ముంజలు తిని ఆ కాయలకే పుల్లలు గుచ్చి బళ్ళు చేసి ఇసుకంతా దొర్లించేవాళ్ళం, పొద్దున్నే చోడి అంబలి, దాంట్లోకి వేయించిన నెత్తళ్ళు. అప్పటికే సగంమంది చేతుల్లోకి ఫోన్లు వచ్చేశాయి. అలాంటి ఒక వేసవిలో మేనత్త కొడుకు, మా బావ, ఆమదాలవలసలో తను పనిచేసే ఇంటర్నెట్ సెంటర్ మూతపడితే, ఓనరు వదిలించుకున్న కంప్యూటరును ఆటోలో ఖాళీ చేపల తట్టల మధ్య కూర్చోబెట్టి మా ఇంటికి తెచ్చాడు.

అందులో ఆడే గేము ఒక్కటే. ఒక పిల్ల తెరచాప పడవేసుకుని తండ్రిని వెతుక్కుంటూ దీవి దీవికీ తిరుగుతుంది, ఎవరైనా ఏదైనా అడిగితే తెర మీద రెండు జవాబులు వస్తాయి, మనం ఏది నొక్కితే కథ అటు పోతుంది. నొక్కడం బావ పని. ఇంట్లో ఇంగ్లీషు మీడియం నేనొక్కదాన్నే కాబట్టి ఆరో తరగతి చదువుతో అర్థం చెప్పడం నా పని. మొదటి మాటే, తండ్రి సముద్రంలో 'లాస్ట్' అయ్యాడని ఉంది. పెన్ను పోతే లాస్ట్ అనాలని బళ్ళో నేర్పారు. "వాళ్ళ నాయిన సముద్రంలో పోయాడు" అని ధీమాగా చదివేశాను.

గుమ్మంలో దాచిన ఎండుచేపల్ని మళ్ళీ ఎండలో వేస్తున్న మామ్మ, అంటే మా నాన్నకి అమ్మ, చెయ్యి ఆపింది. మా తాత కూడా అలాగే ఒకసారి తెరచాప పడవలో వేటకెళ్ళి రాలేదు. శవం దొరకలేదు. ఊరి పెద్దలు కొన్నాళ్ళు చూసి కర్మ జరిపించారు.

"పోయినోడి కోసం ఎతుకుతాదేటే, పిచ్చి పిల్ల!" అంటూ లోపలికొచ్చి కూర్చుంది. ఆరోజు నుంచి రోజూ కూర్చుంది.

ఒకచోట ముసలాయన ఆ పిల్లని అడుగుతాడు, ముందుకెళ్తావా, ఇంటికెళ్తావా అని. "ఇంటికెల్లమను. తల్లి ఒక్కర్తే ఉంటాది" అంది మామ్మ. బావ అదే నొక్కాడు. పిల్ల ఇల్లు చేరింది, తల్లి ఏడ్చింది, ఆట అయిపోయింది. "నాను సెప్పబట్టే ఇలాగయ్యింది" అని మామ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మేం నవ్వాం, తర్వాత నవ్వలేదు.

బావ ఆటలో వెనక్కెళ్ళి రెండో జవాబు నొక్కాడు. నాలుగు రోజులకి ఆఖరి దీవిలో తండ్రి బతికే కనిపించాడు.

"పోయినోడు ఎలాగొచ్చాడే?"

డిక్షనరీ తీశాను. లాస్ట్ అంటే పోవడమే కాదు, తప్పిపోవడం కూడానట. "తప్పు నాదే మామ్మా, ఆయన పోలేదు, తప్పిపోయాడు" అన్నాను.

మామ్మ లేచి, పెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితం తెచ్చింది. తాత గురించి మత్స్యశాఖ ఆఫీసువాళ్ళు ఇంగ్లీషులో ఇచ్చింది. "అప్పుడెవుడో సదివి, పోయాడన్నాడు. నువ్వు సరిగ్గా సూడు. పోయాడనున్నాదా, తప్పిపోయాడనున్నాదా?"

చూశాను. లాస్ట్ అనే ఉంది. ఆటలోలాగే ఎదురుగా జవాబులు రెండే ఉన్నాయి, బావ మాత్రం జాయ్‌స్టిక్ పక్కన పెట్టేసి నేల చూస్తున్నాడు. నాకు భయమేసింది.

"రెండూ అవుతాది మామ్మా" అన్నాను.

"రెండూనా!" అని కాగితం మడిచి బొడ్లో దోపుకుంది.

మర్నాడు సాయంత్రం మామ్మ ఒడ్డుకెళ్ళి నిలబడింది. ఆ మర్నాడూ నిలబడింది. వేట ఆపేసిన రోజులవి, సముద్రం మీద ఒక్క పడవ లేదు.

ఇప్పుడా తాటాకు పందిళ్ళు లేవు. ఒకడు ఆడుతుంటే ఇంటిల్లిపాదీ చేరి సలహాలిచ్చే వాడుకా లేదు, ఎవరి ఫోనులో వాళ్ళ ఆట. తుప్పు పట్టిన కంప్యూటరు పాత సామానుకి పోయింది. లాస్ట్ అనే మాట పనిలో ఎదురైతే ఇప్పటికీ గంటసేపు తేల్చుకోలేను. ఆరోజు మామ్మకి మేలు చేశానో, తీరిపోయిన దుఃఖాన్ని మళ్ళీ తవ్విపెట్టానో కూడా తేల్చుకోలేదు.

మామ్మ నిరుడు పోయింది. తప్పిపోలేదు, పోయింది, నేను పక్కనే ఉన్నాను. ఆఖర్న కిటికీ వైపు చూస్తూ, "తెరసాప అవుపడతన్నాదేటే?" అని అడిగింది.

అవుపడతన్నాది అన్నాను.