మోటాని తీసేసిన మూడో భాగం

మూడో భాగంలో మోటాని తీసేశారు. నోటీసు ఇవ్వలేదు, కారణం చెప్పలేదు. బదులుగా పెట్టినవాడికి అనుభవం లేదు.

మోటా రక్తమాంసాల మనిషి కాదు. తొంభైల్లో, బెంగాల్లోని మా రైల్వే ఊళ్ళో, గోల్‌బజార్ వెనక సందులో ఒక బెంగాలీ దాదా వీడియోగేమ్ దుకాణం నడిపేవాడు. అక్కడ తెర మీద తన్నుకునేవాళ్ళలో ఒకడు మోటా. బొజ్జవాడు. అసలు పేరేదో ఇంగ్లీషులో పడేది గానీ మా అందరికీ వాడు మోటాయే. ఆ ఆట మొదటి భాగంలో ఉన్నాడు, రెండో భాగంలో ఉన్నాడు. అంటే సర్వీసున్నవాడు.

నేనప్పటికి వర్క్‌షాపులో ఫిట్టర్ని, నలభై దాటినవాణ్ణి. ఒక సాయంత్రం వాన తగ్గేదాకా నిలబడదామని ఆ దుకాణంలో దూరాను. వాన తగ్గింది, నేను మాత్రం రెండేళ్ళు బయటికి రాలేదు. తక్కినవాళ్ళతో ఆడాలంటే కర్రని గిరగిరా తిప్పుతూ బొత్తాలన్నీ ఒకేసారి నొక్కాలి. మోటాతో ఆ బాధ లేదు. ముందుకు నడిపించి ఒక్క బొత్తాం నొక్కితే ఎదుటివాణ్ణి ఎత్తి, కింద పడేసి, మీద కూర్చునేవాడు. అంత నిజాయితీ గల దెబ్బ నేను మళ్ళీ చూడలేదు. "బాబాయి వచ్చినాడు, జరగండ్రా!" అని అప్రెంటిస్ కుర్రాళ్ళు స్టూలు ఖాళీ చేసేవారు. ఇంట్లో కూడా నాకంత మర్యాద లేదు.

అలాంటి రోజుల్లో దాదా కలకత్తా వెళ్ళి మూడో భాగం తెచ్చాడు. పెట్టె పాతదే, లోపలి బోర్డు మార్చాడు. పెట్టె పక్కన మోటా బొమ్మ అలాగే ఉంది. బిళ్ళ వేసి తెరంతా వెతికాను. వాడు లేడు. వాడి చోట ఈకలాంటి కుర్రాడొకడు గాల్లో పల్టీలు కొడుతున్నాడు. మనిషి లేకుండా బొమ్మ మాత్రమే మిగిలితే మన దగ్గర దానికి దండ వేస్తారు.

"దాదా, మోటా ఎక్కడ?"

"ట్రాన్స్‌ఫర్," అన్నాడు పాన్ నములుతూ.

ఇది నవ్వులాటా? నేను బడికి వెళ్ళింది తక్కువే గానీ సర్వీసు రూల్సు నా అంతట నేనే కూడబలుక్కుని చదివాను. తీయక తప్పకపోతే ఆఖర్న చేరినవాణ్ణి ముందు తీయాలి.

ఆ వారం అప్రెంటిస్‌ల చేతిలో వరసగా ఓడిపోయాను. నా మనిషిని తప్పించి పెట్టిన పోటీ పోటీయే కాదు గనక అవి ఓటములు కావు. ఆ మాటే చెప్పాను.

"కొత్తోడితో ఆడి సూడరాదేటి బాబాయ్?" అన్నాడు వాళ్ళలో నోరున్నవాడు. ఇనుము అరగదీసే ఫైలు పట్టుకోవడం నా దగ్గరే నేర్చుకున్నాడు.

"రేపు నిన్ను తీసీసి ఇంకోడ్ని ఎట్టీస్తే ఊరుకుంటావేటి?"

"నాకు బొజ్జ నేదు గదా, నన్నెందుకు తీస్తారు?"

మర్నాడు షిఫ్టు దిగి నేరుగా వెళ్ళి, ఆట కర్రకి ఎర్రగుడ్డ కట్టి, మెషిన్‌కి అడ్డంగా స్టూలేసుకుని తెర వైపు తిరిగి కూర్చున్నాను. "చోల్‌బే నా!" అని, అంటే చెల్లదని, అరిచాను. బెంగాల్లో ఆ మాట అంటే చాలు, సంగతేమిటో తెలియకపోయినా దారినపోయేవాళ్ళు నలుగురు గొంతు కలుపుతారు. కలిపారు. పక్క టీకొట్టువాడు సంఘీభావంగా షట్టర్ సగం దించాడు.

దాదా నన్నే దాదా అంటూ చేతులు జోడించాడు. "దాదా, కంపెనీ సముద్రం అవతల ఉంది. మీ అరుపు అక్కడికి వినబడదు."

"వినబడేదాకా ఉంటాను."

రోజూ షిఫ్టు దిగడం, కూర్చోవడం, అన్నం వేళకి లేవడం. చివరికి దాదా విసిగిపోయి ఆ బోర్డు పీకేసి కార్ల పందెం పెట్టాడు. మోటా తిరిగి రాలేదు. అయితేనేం, వాణ్ణి తప్పించి సుఖపడినవాళ్ళూ మిగల్లేదు.

ఆ మూడో భాగం రంగులు గొప్పవని, వేగం గొప్పదని తరువాత చాలామంది అనగా విన్నాను. అనుకోనీ. ఆడినవాళ్ళకి అది మోటాకి జరిగిన అన్యాయంగానే గుర్తుంటుందని ఇన్నేళ్ళూ వాదిస్తూ వచ్చాను. సాక్ష్యం ఒక్కటే తక్కువైంది. మొన్న తాల్‌బగీచా చేపల బజారులో ఆ నోరున్నవాడే కనబడ్డాడు. జుట్టు నెరిసింది, బొజ్జ వచ్చింది. చెయ్యి పట్టుకుని ఆపేశాను.

"ఒరే, మూడో భాగమంటే నీకేటి గుర్తొస్తాది? నిజం సెప్పు."

వాడు చేపల సంచీ కింద పెట్టి, కాస్త ఆలోచించి చెప్పాడు:

"ఆడనిస్తే గదా బాబాయ్ గుర్తుండడానికి! వారం తిరక్కుండా అడ్డంగా కూకున్నావు. మా ఓలందరికీ మూడో భాగమంటే నీ ఈపే గుర్తు."