మగ్గం గదిలో అత్తయ్య ఫొటో

మా మేనత్తది రేపల్లె. పెంకుటింట్లో గుంట మగ్గం మీద చీరలు నేసేది. నేను బాపట్లలో ఓ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. డిజిటల్ కెమెరాలు మా వైపు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో నేనూ ఒకటి కొనుక్కుని, సెలవు దొరికితే చాలు, కనిపించినదల్లా తీస్తూ తిరిగేదాన్ని. అత్తయ్య మాత్రం కెమెరా చూడగానే మొహం తిప్పుకునేది.

"నన్నెందుకు తీస్తావే? నేను ఫొటోలో పడను. నలుపు కదా!"

ఆ మాట ఊరికే అనలేదు. అంతకుముందు ఆమె మగ్గం మీద ఉండగా ఎవరో వచ్చి ఫొటో తీసి, ఓ చీరల ప్రదర్శనలో పెద్దగా పెట్టారు. చూడ్డానికి అత్తయ్యతో పాటు నేనూ వెళ్లాను. కిటికీ తెల్లగా మండిపోతోంది, దాని ముందు దారాలు మెరుస్తున్నాయి, అత్తయ్య కూర్చున్నచోట నల్లటి మరక. వచ్చినవాళ్లు చీరను మెచ్చుకున్నారు. నేసిందెవరని ఒక్కరూ అడగలేదు. ఆ రోజు ఆమె పక్కన నిలబడి ఉన్న నాకు ఒళ్లు మండింది.

"తప్పు నీ రంగుది కాదత్తయ్యా, ఆ కిటికీది. మన కన్ను ఎండనీ నీడనీ ఒకేసారి చూడగలదు. కెమెరా చూడలేదు" అన్నాను.

"అయితే నీ కెమెరాకి చూడ్డం నేర్పు" అంది.

ఒకే దృశ్యాన్ని తక్కువ వెలుగుతో, ఎక్కువ వెలుగుతో కొన్నిసార్లు తీసి, అన్నిటినీ కలిపి ఒకే ఫైలు చేసే పద్ధతి ఉందని అప్పటికే చదివాను. హెచ్‌డీఆర్ అంటారు దాన్ని. ఓ ఆదివారం స్టాండు పట్టుకుని రేపల్లె వెళ్లాను. పడుగులో దారాన్ని అటూ ఇటూ పంపే నాడె చేతిలో పట్టుకుని అత్తయ్య బిగుసుకుపోయి కూర్చుంది. కెమెరా క్లిక్కుమన్నప్పుడల్లా "అయిందా?" అని పెదవులు కదపకుండా అడిగేది.

ఇంటికొచ్చి ఫొటోలన్నీ కలిపాను. ఫైలు తయారైంది. దాన్ని సీడీలో వేసుకుని తెనాలిలో కలర్ ల్యాబుకి వెళ్లాను. ల్యాబు ఓనరు రెండు మూడు సార్లు ప్రయత్నించి తల అడ్డంగా ఊపాడు.

"ఇదేం ఫైలండి మేడమ్? మా దాంట్లో తెరుచుకోవట్లేదు. జేపెగ్ చేసి పట్రండి, ఎంత సైజైనా వేసిస్తాను."

జేపెగ్ చేయడం ఎంతసేపని ఇంట్లో నేనే మార్చాను. మళ్లీ అదే కిటికీ మంట, అదే నల్లటి మరక! ఫైల్లో పట్టిన వెలుగంతా కాగితం మీద పట్టదు. దాన్ని కాగితానికి సరిపడేలా కుదించాలి, ఏ మూలా చెరిగిపోకూడదు.

వెతగ్గా వెతగ్గా, ఫైలు పంపితే అలా మార్చి తిరిగిచ్చే ఓ వెబ్‌సైటు దొరికింది. బాపట్లలో నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఫైలు నత్తలా ఎక్కుతోంది. ముప్పాతిక దాటాక కరెంటు పోయింది. కరెంటు వచ్చాక ఫైలు సైజు తగ్గించి మళ్లీ పంపాను. వచ్చిన బొమ్మ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తయ్య చుట్టూ దేవతలకుండే కాంతి వలయం, మొహం రంగులు పూసిన బొమ్మలా ఉంది. సెట్టింగులు తగ్గించి మళ్లీ మార్చాను. ఈసారి గది గదిలా, మనిషి మనిషిలా ఉంది.

తెనాలిలో ముందు చిన్న ప్రింటు వేయించాను. తెర మీద వెలిగిపోయిన బొమ్మ కాగితం మీద మసకబారింది. మళ్లీ బాపట్ల, మళ్లీ నెట్ సెంటర్. నీడలు ఇంకాస్త తేటగా చేసి తీసుకెళ్లాను. పెద్ద కాగితం మెషీన్లోంచి మెల్లగా బయటికొస్తోంది. ముందు కిటికీ వచ్చింది, దాని అవతల కొబ్బరాకులతో సహా. తర్వాత దారాలు. ఆ తర్వాత అత్తయ్య నుదురు, కళ్లు, నాడె పట్టుకున్న చెయ్యి.

"అబ్బ! గదిలోకెళ్లి చూస్తున్నట్టుందండి!" అన్నాడు ల్యాబు ఓనరు. నేను గట్టిగా చప్పట్లు కొట్టేశాను. ఫొటోల కోసం వచ్చినవాళ్లంతా నా వంక చూశారు. చూస్తే చూడనీ!

ప్రింటు చుట్టి ఒళ్లో పెట్టుకుని అట్నుంచి అటే రేపల్లె రైలెక్కాను. అత్తయ్య దాన్ని మంచం మీద పరిచి, వంగి చూసింది. బొమ్మలో తన బుగ్గ మీద వేలు పెట్టి నెమ్మదిగా రాసింది.

"ఇదేంటే, బానే ఉన్నానే నేను!"

ఆ వెంటనే గుమ్మంలోకెళ్లి వీధి వీధంతా వినిపించేలా పిలిచింది. పక్కిళ్లలో నేసే ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి వచ్చారు. అత్తయ్య ప్రింటుని రెండు చేతులా ఎత్తి పట్టుకుని అందరికీ తిప్పి తిప్పి చూపించింది.

"మా మేనకోడలు తీసింది. అంచు నేస్తున్నది నేనే, చూడండి."

ఎదురింటావిడ నా చెయ్యి పట్టుకుంది. "మా మగ్గం దగ్గరికీ ఓసారి రామ్మా. మా గదిలో ఇంకా చీకటి."

స్టాండు తేలేదు, కెమెరా మాత్రం సంచిలో ఉంది. పీటల మీద పీటలు పేర్చి దాన్ని నిలబెట్టుకుందామని బయల్దేరాను. అత్తయ్య చీర కుచ్చిళ్లు సర్దుకుని నాకంటే ముందు నడిచింది. సాయంత్రం రైలు నేను లేకుండానే తెనాలి వెళ్లిపోయింది.