వేపచెట్టు కింద నేను నిలబెట్టిన రాయి

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతు దాటి బయటికి రాలేదు. పక్కన పడుకొనే మనిషికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తమిళనాట ధర్మపురిలో మా వీధి చివర గోవిందు బారు ఉండేది. ముందరి గదిలో భోజనాలు, వెనక గదిలో మందు. పట్టుగూళ్ళు అమ్ముకొని వచ్చిన రైతులు, కట్టడం పని దిగిన కూలివాళ్ళు, అందరూ అక్కడికే చేరేవాళ్ళు. పొద్దంతా అరవం మాట్లాడిన నోటికి అక్కడ ఇంటి మాట దొరికేది. గోవిందు పెండ్లాం మంగమ్మ చేసే బోటి పులుసు కోసం తాగనివాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. ఒకరోజు ఆ బారు మూతపడింది. ఎందుకో ఎవరికీ తెలియలేదు. లైసెన్సు పోయిందన్నారు. మొగుడూ పెండ్లాలకు పడలేదన్నారు. ఎవరేమన్నా నేను తల ఊపినాను.

కారణం నేను.

అప్పట్లో నేను బాగా తాగేవాణ్ణి. ఒక మధ్యాహ్నం గోవిందు నా ముందరి గ్లాసు తీసేసి, అందరూ వినేటట్టు అన్నాడు: "బావా, నిన్న అక్క వచ్చి నా ముందర ఏడ్చింది. ఈ పొద్దునుంచి నీకు సంగటి ఉంది, పులుసు ఉంది. మందు లేదు. కోపమొస్తే మీసం తర్వాత మెలేసుకో, ముందు తిను, సంగటి చల్లారిపోతాది."

గదంతా నవ్వింది. ఆయన అన్నది నా మంచికే. ఆ పొద్దు నాకు నవ్వు మాత్రమే వినబడింది.

గుడికి దగ్గర్లో బారు ఉండకూడదని ఎవరో చెప్పగా విని ఉన్నాను. గుడి లేకపోతే పెడదామనుకున్నాను. మందు అంగళ్ళు మూసే సెలవురోజు ఒకటి చూసి, మిట్టమధ్యాహ్నం సందులో ఎవరూ లేనప్పుడు, మా చేని గట్టున కొడవళ్ళు నూరుకొనే రాయిని గోనెసంచిలో తెచ్చి, బారు వెనక వేపచెట్టు మొదట్లో నిలబెట్టినాను. పసుపు పూసినాను. కుంకుమ పెట్టినాను. చేతులు వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు భయం వేసేది అదే. కొన్నాళ్ళు జనం మొక్కనీ, తర్వాత కలెక్టరాఫీసులో అర్జీ పడేద్దామని నా ఎత్తు.

అర్జీ దాకా పోనేలేదు. మరుసటి రోజే ఎవరో రాయికి నీళ్ళు పోసినారు. వారం తిరిగేసరికి నిమ్మకాయల దండ, ఎర్రగుడ్డ, శూలం. కొడవలి గీతలను చూసి అమ్మవారి నోరన్నారు.

ఇంకో రెండు వారాలకు గోవిందు మా చేనికి వచ్చినాడు.

"బావా, బారు మూసేస్తా ఉన్నాను."

"ఎందుకురా?"

"అమ్మ వచ్చి నా పెరటి వాకిట్లో కూర్చునింది. ఆమె ముఖం ముందర మందు ఎట్ల పోసేది?"

"రాయే కదరా. ఎవరో పెట్టింటారు."

"పెట్టినోడి చేత పెట్టించింది ఆమే కదా. ఎన్ని ఇండ్లలో ఏడుపులకు నా అంగడి కారణమో, ఆమెకు తెలుసు. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పొద్దు బావా. అమ్మ వల్ల గోవిందు కూడు పోయిందని జనం ఆమెను ఒక మాటంటే నేను తట్టుకోలేను."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచినాను కూడా. "సరే పోరా, నీ ఇష్టం" అన్నాను. సిగ్గుతోనా? సిగ్గు తర్వాత వచ్చింది. ఆ నిమిషంలో నాలో ఒక మూల గెలిచినానన్న సంతోషం ఉంది. అది కూడా దాచితే ఇది రాసి ఏం లాభం?

గోవిందు హోసూరు పక్కకు కట్టడం పనికి పోయినాడు. అలవాటు లేని ఒళ్ళు. రెండో ఏడు గోడ మీదినుంచి పడి నడుం పోయింది. మంగమ్మ ఇప్పుడు పరాయివాళ్ళ హోటల్లో గిన్నెలు తోముతుంది.

నేను తాగుడు మానేసినాను. అమ్మే మాన్పించిందని మా వీధి చెప్పుకుంటుంది. రాయికి ఇప్పుడు గోపురం ఉంది. జాతరకు కాపు కట్టే పసుపుదారం మొదట నా చేతికే కడతారు. మొన్న అమ్మకు మొక్కులు తీర్చే ఆడినెలలో గోవిందు కర్ర పట్టుకొని వచ్చి, ఆ రాయి ముందర వంగలేక వంగి మొక్కినాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

చెప్తే ఆయనకు మిగిలిన ఆ ఒక్క నమ్మకం కూడా పోతుందని నాకు నేను చెప్పుకుంటాను. అది ఆయన మీద దయా, నా చేతి కాపు మీద ఆశా? జవాబు తెలిసే అడుగుతున్నాను.

ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. ఇంట్లో తెలుగే మాట్లాడినా, మా వీధిలో ఈ అక్షరాలు చదివేవాళ్ళు లేరు. చిన్నప్పుడు మేనత్త ఊర్లో తెలుగు బడి ఉండబట్టి నాకు వచ్చినాయి. గోవిందుకు రావు. ఈ కాగితం ఆయన చేతిలో పెట్టినా ఆయనకు తెలియదు. ఒప్పుకొనేటప్పుడు కూడా పిరికివాణ్ణే.

అయినా రాస్తాను. ఆ రాయిని పెట్టించింది అమ్మ కాదు. పెట్టింది నేను. గోవిందు కూడు తీసింది నేను.

రాసినాను. ఇంతకాలం లోపలే ఉన్న మాట ఇప్పుడు కాగితం మీద ఉంది, నా చేతిరాతలోనే ఉంది, నేను దాన్ని చూస్తున్నాను.