పసుపు తాగిన తుపాకీ

పక్కింటి అక్క పోయిందని మొన్న మంగళవారం పొద్దున్నే ఆమె కోడలు గోడ మీదుగా పిలిచి చెప్పింది. నిద్రలోనే పోయిందట. మా తాతలు ఓడెక్కి వచ్చిన ఈ దేశంలో, ఖర్వాస్తాన్ అనే ఈ పేటలో ఇళ్లు కట్టుకున్నప్పటి నుంచీ ఒకే గోడకు అటు ఆమె, ఇటు మేము. నాకు తోడబుట్టిన అక్క లేదు, ఆ లోటు తెలియనివ్వలేదు మహాతల్లి. పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను.

నిప్పులు తొక్కే పండుగ వస్తే వీధిలో అందరి తెల్లబట్టలూ ఆమె పెరట్లోనే పసుపు బట్టలయ్యేవి. వాటిని నీడలోనే ఆరేసేది. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుందని ఆమె భయం. గోళ్ల చుట్టూ ఆ పచ్చదనం ఏడాది పొడుగునా ఉండేది.

తెల్లవాళ్లతో పాటు నల్లవాళ్లూ మనవాళ్లూ అందరం కలిసి మొదటిసారి ఓటు వేయబోయే ముందటి దీపావళి అది. లేక లేక పుట్టిన మా బంగారుతల్లికి మేనమామ ఓవర్‌పోర్ట్ బజారు నుంచి రబ్బరు బాణాల తుపాకీ తెచ్చాడు. నల్లటి ప్లాస్టిక్, చూస్తే అచ్చం నిజందే. ఎన్నికల ముందు గొడవలతో సైన్యం బండ్లు మా రోడ్డు మీద తిరిగే రోజులు. ఓ సాయంత్రం పిల్ల గేటు దగ్గర దాన్ని ఎత్తింది. బండి టక్కున ఆగింది. పైనున్న సైనికుడి తుపాకీ మా పిల్ల వైపు తిరిగింది. "టాయ్! టాయ్!" అని నా భార్య అరుస్తూ పరిగెత్తింది. సైనికుడు తుపాకీ దించాడు, బండి వెళ్లిపోయింది.

తుపాకీ దాచేస్తే పిల్ల అన్నం ముట్టలేదు.

"షేమ్, పాపం, బిడ్డని ఏడిపించకు తమ్ముడూ. రంగు మారిస్తే చాలు కదా?" అంది అక్క.

ముందు నేను గేటుకు వేసిన పచ్చ పెయింటు మిగిలితే పూశాను. మర్నాటికి అది పొరలుగా లేచి పిల్ల అరచేతులకు అంటుకుంది. ఆ తర్వాత అక్క తన డేగిశాలో పసుపు నీళ్లు మరగబెట్టి తుపాకీని ముంచింది. బయటికి తీస్తే నలుపు నలుపే, గొట్టం మాత్రం వంకాయలా వంగింది.

"అచ్చం నీ తమ్ముడి ముక్కు అక్కా!" అంటూ పగలబడి నవ్వింది నా భార్య.

అక్క కూడా నవ్వి, తన టిఫిన్ డబ్బా తెచ్చి చూపించింది. ఒకప్పుడు తెల్లది, కూర మరకతో పచ్చబడిపోయింది. "ఎంత తోమినా పోదు, చూడు. నల్లది తాగదు తమ్ముడూ. తెల్లది తే. రంగు పైన పూస్తే ఊడుద్ది, తాగిస్తే ఉంటాది."

తెల్లది కొన్నాను. నూనెలో కలిపిన పసుపు పట్టించి, గుడ్డ చుట్టి, నీడలో పెట్టింది. గుడ్డ విప్పేసరికి బంతిపువ్వు! నా సంతోషం ఏమని చెప్పను, పిల్లనీ తుపాకీనీ కలిపి ఎత్తుకుని తిరిగాను.

మళ్లీ సైన్యం బండి వచ్చినప్పుడు మా పిల్ల గేటు దగ్గరే ఉంది. సైనికుడు చూశాడు. "హాయ్‌బో!" అని వాళ్ల భాషలో భయం నటిస్తూ రెండు చేతులూ పైకెత్తి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. గోడవతల అక్క కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అడిగితే, "పసుపు ఘాటు" అంది.

వెలిసినప్పుడల్లా పిల్ల దాన్ని గోడ మీద పెట్టేది. అక్క మళ్లీ పసుపు తాగించి ఇచ్చేది.

నిన్న మా అమ్మాయి తన కూతురితో వచ్చింది. ఆ తుపాకీ ఇప్పుడు మనవరాలిది, వెంట తెచ్చుకుంది. వాళ్లింటి కిటికీలో ఎండకు ఉండి ఉండి తెల్లబడిపోయింది, ట్రిగ్గర్ సందులో మాత్రం పసుపు మిగిలింది. అమ్మాయి దాన్ని పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది. అక్క కోడలిని అడిగి పసుపు డబ్బా తీసుకుంది. నూనెలో కలిపి, తుపాకీకి పట్టించి, గుడ్డ చుట్టింది.

ఇప్పుడది గోడ మీద, నీడ పడే చోట ఉంది. అమ్మాయి గోళ్ల చుట్టూ పచ్చగా ఉంది.