అయస్కాంతం మీది కాటుక

మొన్న శనివారం భవానీపూర్ గ్యారేజీలో ఉన్నవాళ్లం ముగ్గురం: నేను, మెకానిక్ దాదా, లిఫ్టు మీద మా కారు. ఉన్న వస్తువులు: గేర్‌బాక్సుకి ఒకటి, వెనక డిఫరెన్షియల్‌కి ఒకటి కొత్త నూనె డబ్బాలు, కొత్త రాగి వాషర్లు, పాత నూనె పట్టే వెడల్పాటి ట్రే, పొడుగు గొట్టం ఉన్న చేతిపంపు, టార్క్ రెంచి, మట్టి కప్పుల్లో చల్లారిపోతున్న నిమ్మకాయ టీ. కారు తిరిగొచ్చిన వేడి మీదే నూనె దించాలి కాబట్టి టీ ఆగింది. దాదా రెంచి అందుకోబోతే, గేర్‌బాక్సు అడుగు బిరడా నేనే విప్పుతానని చెప్పి లిఫ్టు కిందికి వెళ్లాను. విప్పగానే వేడి నూనె మణికట్టు మీదుగా మోచేతి దాకా జారింది. ఈ బిరడా లోపలి కొసన చిన్న అయస్కాంతం ఉంటుంది. పళ్లచక్రాలు ఒరుసుకుని రాలిన ఉక్కు రజను నూనెలో తిరగకుండా అది పట్టి ఉంచుతుంది. దాదా గుడ్డ తీసి, "దిన్, ముఛే దిచ్ఛి" అని, ఇటిస్తే తుడిచేస్తానన్నట్టు చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు. తుడిచే ముందు ఆ రజనుని వేళ్ల మధ్య రుద్ది చూడడం మా ఇంటి అలవాటు. ఆ అలవాటు వెనక మా మావయ్య, అత్త ఉన్నారు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. రైల్వే ఇంజన్ల షెడ్డులో పని, సంత్రాగాఛి క్వార్టర్సులో కాపురం. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి హౌరాలో దిగిపోయిన కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, గేటు దాటితే బెంగాలీ, షెడ్డులో హిందీ, ఆదివారం చర్చిలో మళ్లీ తెలుగు. ఆ క్వార్టర్సులో అందరికీ స్కూటర్లుంటే మావయ్యకి మాత్రం జపాన్ నుంచి దిగిన టర్బో కారు ఉండేది. తేయాకు తోటల వాళ్లబ్బాయి ఎవరో ర్యాలీల్లో పరిగెత్తించి, మోజు తీరి వదిలేసింది. నాలుగు చక్రాలకీ శక్తి అందే బండి. పొగగొట్టం చప్పుడుకి పక్కింటి వాళ్ల పెంపుడు చిలక అరుపు మార్చుకుందని చెప్పుకునేవారు. ఆ చిలక అరవడం నేనెప్పుడూ వినలేదు కాబట్టి ఆ విషయం ఖాయంగా చెప్పలేను.

ఏటా చలికాలంలో ఒక శనివారం నూనెలు మార్చేవాడు. ఆదివారం పనిముట్టు ముట్టకూడదన్నది అత్త నియమం. అందుకని పొద్దున్నే మొదలయ్యేది. ముందు నూనె వేడెక్కాలి. దానికి పది నిమిషాల షికారు చాలు. మావయ్య మాత్రం హైవే ఎక్కి ఎంతకీ వచ్చేవాడు కాదు, వచ్చేటప్పుడు జిలేబీ పొట్లం తెచ్చేవాడు. తర్వాత కారుని పాత స్లీపరు చెక్కల మీదికి ఎక్కించి, గడప మీద రసమట్టం పెట్టినట్టే కారు గుమ్మం మీదా పెట్టి చూసేవాడు. బండి ఏమాత్రం వాలినా నూనె మట్టం తప్పు చూపిస్తుంది. ఆ తర్వాత పైనున్న నింపే బిరడా. అది విప్పాకే కింది బిరడా మీద చెయ్యి వెయ్యాలి. కిందిది తీసి నూనెంతా కారిపోయాక పైది తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. కొత్త నూనె పంపుతో ఎక్కించి, చిటికెన వేలు లోపల పెట్టి, కన్నం అంచున నూనె తగిలితే చాలనేవాడు. బిగించిన ప్రతి బిరడా మీదా షెడ్డు పద్ధతిలో పసుపు రంగు గీత గీసేవాడు. బిరడా కదిలితే గీత విరుగుతుంది.

ఆ నూనె వాసన గురించి చెప్పాలి. గంధకం కలిసిన వాసన, కుళ్లిన ఉల్లిపాయకి అన్నలాంటిది. సబ్బుకి పోదు. మర్నాడు చర్చిలో మా ముందు వరస వాళ్లు మర్యాదగా ఇంకో బెంచీకి జరిగేవారు. ఆ ఆదివారాల్లో పాస్టరుగారి ప్రార్థన కూడా పొట్టిగా ఉండేదని అత్త అనేది.

అత్తకీ ఆ కారుకీ ఒక ఒప్పందం ఉండేది. ఒకసారి ఇద్దరూ దీఘా నుంచి వస్తుంటే గేర్‌బాక్సు మూడో గేరులో బిగుసుకుపోయింది. అక్కణ్నుంచి ఇంటిదాకా అత్త ఒక వ్యానులో పీతల బుట్టల మధ్య కూర్చుని వచ్చింది. మావయ్య షెడ్డు స్నేహితులతో కలిసి గేర్‌బాక్సు విప్పి బాగుచేశాక, అత్త గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఇంకోసారి ఇలగైతే ఏటి?"

"అవదే. ముందే తెలిసిపోద్ది. అయస్కాంతం మీద కాటుకలాగ మెత్తగుంటే మామూలు అరుగుదల. ముల్లులాగ గుచ్చుకుందంటే లోపల పన్ను విరుగుతున్నట్టు. మా షెడ్డులో ఇదే లెక్క."

"గుచ్చుకుంటే?"

"అమ్మేద్దాం."

"అయితే నేనే చూస్తాను."

మావయ్య నవ్వాడు. షెడ్డు రహస్యాలు ఇంట్లో విప్పి చెప్పడం ఎంత పొరపాటో ఆయనకి మరుసటి చలికాలం తెలిసింది. వంట ముగించుకుని అత్త పీట వేసుకుని కూర్చుంది. "ఇటియ్యండి" అని బిరడా అందుకుని, పాకం తీగ చూసినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దింది. "కాటుకే" అంది. అప్పట్నుంచి ఏటా ఇదే తంతు. "నిన్ను షెడ్డులో ఇనస్పెక్టరుగా వెయ్యాల్సిందే" అని ఆయన ఎకసెక్కమాడితే, "మీ సంతకం నాకెందుకండీ, నా వేలు చాలు" అనేది.

మావయ్య రిటైరైన ఏడాది క్వార్టర్సు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఇల్లంతా పంచిపెట్టారు: బీరువా ఒకరికి, కుట్టుమిషను ఒకరికి, పూలకుండీలు వీధి మొత్తానికి. భవానీపూర్‌లో చిన్న ఫ్లాటు కుదిరింది. కారు కూడా వదిలేస్తే పోదా అని మా అమ్మ అంది. షెడ్డులో పనిచేసిన ఒకాయన బావమరిది కొంటానని రెండుసార్లు ఫోన్ చేశాడు కూడా. అందరికీ మావయ్య ఒకటే జవాబు, "శనివారం నూనె దించాక చూద్దాం." ఇంజన్ల మధ్య గడిపిన జీవితంలో ఇంక ఆయన దగ్గర మిగిలిన ఇంజను అదొక్కటే.

నేనప్పుడు ఇంజనీరింగు మూడో ఏడు. చక్రాల పళ్లు ఏయే రకాలుగా విరుగుతాయో బొమ్మలతో సహా చదువుకున్న రోజులు. మావయ్య కారు కింద పడుకున్నాడు, బయటికి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నూనె ట్రేలో పడుతున్న చప్పుడు విన్నాం. ఆయన చెయ్యి బిరడాతో బయటికొచ్చింది. నేనందుకుని అత్తకిచ్చాను. ఆవిడ రుద్దింది, ఆగింది. బొటనవేలి కొసన చంటిపిల్ల గోరంత ఉక్కు పెచ్చు తళుక్కుమంది. దాని పక్కన చిన్న రక్తపు బొట్టు.

"అత్తా, అది..." అన్నాను. ఆవిడ నావైపు చూసింది. నా చదువు ఆ చూపు ముందు చెల్లలేదు.

"ఏటే, మాటాడవేటి?" అని కింది నుంచి మావయ్య. ఆయన కాలికి ఊగుతున్న చెప్పు ఊగడం మానేసింది.

అత్త తాళ్లు కట్టిన పెట్టెల వైపు చూసింది, ఖాళీ అయిన గోడల వైపు చూసింది.

"కాటుకే" అంది. "ఏడాదికేడాదికీ మెత్తగా అవుతోంది మీ కారు. వేగిరం కొత్తది పోసి లేవండి, అవతల పళ్లేలు సర్దాల."

మావయ్య చెయ్యి మళ్లీ బయటికొచ్చింది. "అల్లుడూ, వాషరందుకో" అన్నాడు.

బిరడా అత్తే తుడిచి ఇచ్చింది. ఆ మధ్యాహ్నం అన్నం చెంచాతో తింది. చేపల పులుసు చెంచాతో తినేవాళ్లని బతకనివ్వని మావయ్య, ఆ రోజు ఎందుకని అడగలేదు.

దాన్ని నేను చాలాకాలం అత్త ఆడిన అబద్ధంగానే లెక్కేసుకున్నాను. మొన్న లిఫ్టు కింద బిరడా స్వయంగా విప్పినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. అయస్కాంతాన్ని అందరికన్నా ముందు చూసేది విప్పేవాడే. ఆ రోజు మావయ్య దగ్గర టార్చి వెలుగుంది, పొట్ట మీద గుడ్డ ఉంది. ఒక్కసారి తుడిచి ఇస్తే సరిపోయేది. చూసి కూడా, మాట అత్తకే వదిలి, తుడవకుండా ఇచ్చాడు. చూపు మందగించాక తాళాలు నాకిచ్చేశాడు. ఇప్పుడు ఆదివారాలు చర్చికి వెళ్తూ నా పక్కన కూర్చుని గేరు మార్చిన ప్రతిసారీ వంక పెడతాడు, వెనక సీట్లోంచి అత్త ఆయన్ని కసురుతుంది. వాళ్లిద్దరినీ ఆ సంగతి అడగాలని నాకు అనిపించలేదు.

దాదా చాచిన చెయ్యి అలాగే ఉండగా అయస్కాంతం మీది ముద్దని వేళ్ల మధ్య రుద్దాను. మెత్తగానే ఉంది. గడిచిన కాలాన్ని అత్త క్రిస్మస్‌లతో కొలుస్తుంది, అమ్మ బంధువుల పెళ్లిళ్లతో కొలుస్తుంది, నాకు డాష్‌బోర్డు మీది అంకెలే అలవాటు. అత్త కాటుకే అన్న ఆ రోజు నుంచి మొన్నటిదాకా, అదే గేర్‌బాక్సు మీద, ముప్పై ఒక్క వేల ఆరువందల నలభై కిలోమీటర్లు.